ఒకటికి యాభై

తాళం లేదు, తలుపుకి తాడు.
మెరన్ ఫ్లెట్ ముడి విప్పుతూ
"తల వంచు" అంది.
వంచాను, చాలలేదు.
ఆర్క్‌నీ దీవుల్లో ద్వారబంధాలు
మనిషి ఎత్తుకి పెట్టలేదు, గాలి ఎత్తుకి పెట్టారు.

నేను కొలతలు తీసేదాన్ని.
టేపూ, అట్టా, రెండు పెన్సిళ్లూ.
ఏదైనా గోడ కూలబోతోందని తెలిస్తే
కూలకముందే దాన్ని కాగితం మీద నిలబెట్టి రావడం నా ఉద్యోగం.

మూడంతస్తుల మర, పైన నాపరాళ్ల కప్పు.
మేడ మీద గింజ, నడిమింట రాయి, కింద పిండి.
బార్లీ ఎక్కేది మనిషి వీపు మీద,
దిగేది తన బరువు మీద తానే.
ఇంతకన్నా తెలివైన నక్షా నేను గీసి ఎరగను.

చక్రం ఇప్పుడు తిరగదు.
తొట్లలో నాచు, ఒక తొట్టిలో పిట్టగూడు.
లోపలున్న పెద్ద ఇనప చక్రానికి మాత్రం
యాపిల్ కర్ర పళ్లు.
చెట్టు నిలవని ఈ దీవికి
ఆ కర్ర పడవెక్కి వచ్చిందట.
"ఇనప చక్రానికి ఇనప పళ్లే పెట్టొచ్చుగా?"
మెరన్ నవ్వింది, ఉన్న నాలుగు పళ్లతో.
"రాయిలో రాయి చిక్కుకుంటే
ఏదో ఒకటి విరగాలి కదా పిల్లా.
విరిగేదేదో మనమే ముందు ఎంచుకోవాలి.
చలికాలం రాత్రుళ్లు మా నాన్న
దీపం దగ్గర పళ్లు చెక్కుతూ కూర్చునేవాడు."
ఆ డబ్బా ఇంకా అటక మీదే ఉంది.
పదిహేడు పళ్లు. రాసుకున్నాను.

పక్కన నూర్పిడి కొట్టు.
ఎదురెదురు తలుపులు, అటు సముద్రం, ఇటు కొండ.
రెండూ బార్లా తీస్తే
తూర్పారబట్టే మనిషికి గాలే కూలీ.
పొట్టు కొండ దారి పట్టేది,
గింజ కాళ్ల దగ్గరే ఆగేది.
కొట్టు చివర గుండ్రటి బట్టీ, సీసా మెడలా పైకి సన్నబడుతూ.
బురదనేల కోసి ఎండబెట్టిన గడ్డల సెగ మీద
వానలో తడిసిన పంట ఆరేది.
వేలు పెట్టి చూశాను,
నలభై ఏళ్ల నాటి మసి ఇంకా అంటుతోంది.

పశువుల కొట్టంలో ఆవుకీ ఆవుకీ నడుమ
నిలబెట్టిన నాపరాయి.
ఒకదాని అంచు అరిగి అరిగి సబ్బుబిళ్లయింది.
"అది ఫ్లెకీ చోటు. మెడ ఎడమవైపే గోక్కునేది."
నిజమే, ఒకవైపే అరిగింది.

ఉత్తరపు గోడ కడుపుతో ఉన్నట్టు బయటికి ఉబ్బింది.
కాగితం మీద తిన్నగా గీసేస్తే ఎంత హాయి!
గీయలేదు.

చివరగా రాతిగదికి ఎక్కే మెట్లు.
అన్నీ నడుమ అరిగాయి.
మూడోది మాత్రం కుడి చివర.
"నాన్న ఎడమ కాలు గుర్రం తొక్కేసింది," అంది మెరన్.
"ఇక్కడ కుడికాలు ఆన్చి, గోడ పట్టుకుని,
రెండోదాన్ని పైకి లాక్కునేవాడు.
తిరగలి రాళ్లకి కక్కు కొట్టే రోజుల్లో
కాస్త ఎక్కువసేపే నిలబడిపోయేవాడు."
భుజమెత్తున గోడలో ఒక రాయి
మిగతావాటికన్నా నల్లగా, నున్నగా.

లోతు ముప్ఫై మిల్లీమీటర్లు.

ఆ రాత్రి బస గదిలో మెట్లు గీశాను.
ఒకటికి యాభై.
ముప్ఫైని యాభైతో భాగిస్తే
నా పెన్సిలు గీత మందం.
గుంట గీసినా ఒకటే, గీయకపోయినా ఒకటే.
ముప్ఫై ఎనిమిదేళ్లు ఎక్కిన మనిషి
గీత కిందే మాయమయ్యాడు.

ఇంకో కాగితం తీశాను.
ఆ మెట్టు ఒక్కటే, ఉన్నది ఉన్నంత.
కాగితం చాలలేదు, మరొకటి అతికించాను.

పొద్దున్న మెరన్ వంటగది బల్ల మీద పరిస్తే
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత అరచెయ్యి ఆ గుంట మీద ఆన్చి
"ఇంకాస్త లోతుండాలి" అంది.

టేపు జేబులోనే ఉంది.
బయటికి తీయలేదు.